మిస్ పాటర్ సినిమా గురించి మీరు రాసినవి, మా కరపత్రంలో దొర్లిన తప్పులు

అందరికీ నమస్తే. పోయిన నెల ఇంగ్లండ్ పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ బొమ్మల కథల సెట్ పంపినప్పుడు పార్సిల్‌లో ఒక చిన్న కరపత్రం పెట్టాం. పుస్తకాలు చదివాక 'మిస్ పాటర్' సినిమా ఇంటిల్లిపాదీ చూడండి, ఆవిడ జీవితం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది అని అందులో రాశాను. చూసినవాళ్లు చాలామంది మెసేజ్‌లు పెట్టారు. అన్నీ చదివాను, కొన్ని రెండు మూడు సార్లు చదివాను. నేను రాసిన ఆ ఒక్క వాక్యంలోనే రెండు తప్పులున్నాయి.

మొదటిది 'ఇంటిల్లిపాదీ' అనడం. ఐదేళ్ల పాప ఉన్న ఒక తల్లి రాశారు: గీసిన కుందేలు కాగితం మీద కదిలినప్పుడు పాప టీవీ దగ్గరికి వెళ్లి నిలబడిందట. తర్వాత అంతా పెద్దవాళ్ల మాటలే. "కుందేలు మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని అడిగి అడిగి, చివరికి పాటర్ పెళ్లాడాలనుకున్న నార్మన్ చనిపోయాడని తెలిసి ఆ రాత్రి ఏడుస్తూనే ఉందట. ఆ మెసేజ్ చదివి చాలా బాధపడ్డాను. 2006లో వచ్చిన ఈ సినిమా పిల్లల రచయిత్రి గురించి పెద్దవాళ్ల కోసం తీసింది. నేను చూసినప్పుడు నా పక్కన పిల్లలెవరూ లేరు. వాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించకుండానే రాసేశాను. క్షమించండి.

రెండోది 'ఉన్నదున్నట్టు' అనడం. ఆవిడ భర్త విలియం హీలిస్ ఆవిడకి చిన్ననాటి నేస్తమని కరపత్రంలో అచ్చు వేశాం. అది సినిమా కల్పించిన సంగతి. హీలిస్ ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతపు లాయరు. అక్కడ ఆవిడ పొలాలు కొంటున్నప్పుడు, 1909 ప్రాంతంలో, ఆ పనుల మీద పరిచయమయ్యాడు. 1913లో పెళ్లి చేసుకున్నారు. సినిమాలో ఆవిడ పుస్తకాలు ప్రచురించిన నార్మన్ వార్న్ క్రిస్మస్ విందు రాత్రి ఎదురుగా నిలబడి పెళ్లి మాట అడుగుతాడు. అసలు జరిగింది వేరు. 1905 జూలైలో ఆయన ఉత్తరం రాసి అడిగాడు. ఆవిడ సరేనంది. వ్యాపారం చేసుకునేవాడికి పిల్లనివ్వడం ఆవిడ తల్లిదండ్రులకి ఇష్టం లేకపోయింది. నెల తిరిగేసరికి, ఆగస్టు 25న, లుకేమియాతో ఆయన పోయాడు.

ఇది చదివాక సినిమా మీద కోపం తెచ్చుకోవద్దని నా మనవి. మీలో చాలామందికి ఆ ప్రేమకథే నచ్చింది. ఎక్కడికెళ్లినా పాటర్‌కి కాపలాగా వెంట వచ్చే ఆ ముసలావిడ, ఆవిడ కన్నుగప్పి పాటర్, నార్మన్ మాట్లాడుకోవాలని పడే తంటా, రైల్వే స్టేషన్‌లో విడిపోవడం. ఒక పెద్దాయన అయితే, ముప్పై దాటినా ఆడపిల్ల ఒంటరిగా వీధిలోకి రాలేని ఆ రోజుల్ని చూసి తన మేనత్త గుర్తొచ్చిందని రాశారు. పాటర్‌గా వేసిన రెనే జెల్వెగర్ నటన దగ్గర మాత్రం మీరు రెండు జట్లయ్యారు. ముఖం అలా చిట్లిస్తుంటే చూడలేకపోయామని కొందరు, ఆ బిడియమే ప్రాణం పోసిందని కొందరు. నేను రెండో జట్టు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది కాలేజీలో బోటనీ చెప్పే ఒకావిడ మెసేజ్. "పుట్టగొడుగులు ఏమయ్యాయి?" అని ఒకే ఒక్క ప్రశ్న. నిజమే. కుందేళ్ల కథలు అచ్చవకముందే ఆవిడ వందల కొద్దీ పుట్టగొడుగుల బొమ్మలు వేసింది. వాటి సిద్ధబీజాలు (స్పోర్లు) ఎలా మొలకెత్తుతాయో సూక్ష్మదర్శినిలో చూసి వ్యాసం రాసింది. 1897లో దాన్ని లండన్‌లోని లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రవేత్తల సంఘానికి సమర్పించారు. ఆడవాళ్లకి ఆ సమావేశాల్లోకి ప్రవేశం లేదు కాబట్టి ఆవిడ వెళ్లలేదు. ఇంత గట్టి సన్నివేశం చేతిలో ఉండి సినిమా ఎందుకు వదిలేసిందో నాకు అర్థం కాలేదు.

నాకు లోటుగా అనిపించింది ఇంకొకటి. బహుశా ఈ పుస్తకాల వ్యాపారంలో ఉన్నాను కాబట్టేమో. పీటర్ రాబిట్ అనే కుందేలు కథ మొదట 1893లో జబ్బుపడిన ఒక పిల్లవాడికి రాసిన ఉత్తరం. దాన్ని పుస్తకంగా చేసి పంపితే ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఆవిడ ఊరుకోలేదు. పిల్లల చేతిలో ఇమిడే చిన్న సైజులోనే ఉండాలని పట్టుబట్టి, 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది. ఆ తర్వాతే, 1902 అక్టోబరులో, వార్న్ కంపెనీ 8,000 కాపీలు రంగుల్లో తెచ్చింది. మరుసటి ఏడాదే పీటర్ ఆటబొమ్మకి ఆవిడే పేటెంట్ తీసుకుంది. సినిమాలో వార్న్ అన్నదమ్ములు ఆ పుస్తకం ఒప్పుకోవడం చూస్తాం కానీ, ఆ 250 కాపీల కథ కనిపించదు. మొదటిసారి అచ్చేయించిన పుస్తకాల కట్ట విప్పడమంటే ఏమిటో నాకు తెలుసు. సినిమాలో అది చూడాలని ఉండేది.

ఇక మా వైపు నుంచి చేస్తున్నవి. సరిదిద్దిన కరపత్రం వచ్చే పార్సిల్‌లో అందరికీ వస్తుంది. పుట్టగొడుగుల సంగతి, 250 కాపీల సంగతి అందులో చేర్చాం. ఇకమీదట ఏ సినిమా గురించి చెప్పినా ఏ వయసు నుంచి చూడొచ్చో పక్కనే రాస్తాం, అదీ ముందు పిల్లలతో కలిసి చూశాకే. కరపత్రంలో మాట నమ్మి సెట్ కొన్నవాళ్లు తిప్పి పంపాలనుకుంటే ఈ నెలాఖరు దాకా పంపండి. పోస్టేజి మాదే, కారణం రాయక్కర్లేదు. ఇప్పటిదాకా ముగ్గురు అడిగారు, ముగ్గురికీ డబ్బు వెనక్కి వేశాం.

పాత కరపత్రం పుస్తకంలో దాచుకున్నవాళ్లు, రెండో పేజీలో హీలిస్ పేరున్న వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన 'లాయరు, 1909' అని రాసుకోండి.