తడిసిన పుస్తకం సంగతి: తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన గురువారం బడి విడిచే వేళ కురిసిన వానకి నాలుగో తరగతి అబ్బాయి సంచిలో లైబ్రరీ పుస్తకం ఒకటి నానిపోయింది. జరిగింది అంతే. శుక్రవారం మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపులో దానికి రెండొందలు జరిమానా పడింది, శనివారానికి అది ఐదొందలైంది. సోమవారం పొద్దున్న చూస్తే పదకొండు లైబ్రరీ పుస్తకాలు ఆఫీసు బల్ల మీదికి తిరిగొచ్చేశాయి. ఒకదాంట్లో చీటీ కూడా ఉంది: “మా పాపకి కథల పుస్తకాలు ఇవ్వొద్దు. పాడైతే మేము కట్టుకోలేము. పాఠాలు చదివితే చాలు.” రాత ముత్యాల్లా ఉంది, విషయమే బాగులేదు.

జరిమానా లేదు. ఈ బడిలో లైబ్రరీ పుస్తకానికి ఎప్పుడూ లేదు. తడిసినా, చిరిగినా, మేక తిన్నా (ఒకటి తింది) డబ్బు అడగం. పుస్తకాన్ని ఉన్నదున్నట్టు పంపించండి, మీరు బాగుచేయకుండా పంపితే మరీ మంచిది. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది, వెనక జిగురు పగిలి పేజీలు ఊడతాయి. ఇస్త్రీ పెట్టె పెడితే బొమ్మల రంగు లేచిపోతుంది. నున్నటి కాగితం పుస్తకమైతే తడిగా ఉండగానే పేజీలు ఒక్కొక్కటీ విడదీయాలి. అలాగే ఆరనిస్తే ఇటుకలా అతుక్కుపోతుంది, ఇక విడదీయడం ఎవరి వల్లా కాదు. నాలుగైదు పేజీలకొకటి చొప్పున పాత న్యూస్‌పేపరు పెట్టి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద నిలబెట్టాలి. బాగా ఆరాక పైన బరువు పెట్టి రెండు రోజులు వదిలేయాలి. చిరిగిన పేజీకి సెల్లోటేపు మాత్రం దయచేసి అంటించకండి. కొన్నాళ్లకి అది పసుపెక్కి ఊడిపోతుంది, జిగురు పక్క పేజీకి పాకుతుంది. పల్చటి కాగితం ముక్క, కాస్త మైదా జిగురు చాలు.

ఈ పనంతా చేస్తున్నది ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఐదుగురు. శనివారం ఆఖరి పీరియడులో వాళ్ల పుస్తకాల ఆసుపత్రి నడుస్తుంది. రోగుల పట్టీ రాస్తారు, కారణం కూడా రాస్తారు: ‘తడి’, ‘తమ్ముడు’, ‘మేక’. ఆ పట్టీలో ‘తమ్ముడు’ అన్నదే అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉంది. కుట్టు ఊడిన పుస్తకాన్ని మూడు కన్నాలు పొడిచి దారంతో వాళ్లు బిగించే తీరు చూస్తే మీ అమ్మాయిలని మీకు ఎంత గర్వంగా ఉంటుందో.

ఇక రెండో మాట: “బళ్లో పాఠాలు మానేసి కథలు చదివిస్తున్నారట.” మానేయలేదు. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలకు ఎటూ కళ్లు మూతలు పడే ఆ వేళ, 20 నిమిషాలు ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు చదువుకుంటారు. ఏడాదికి 200 రోజులనుకుంటే 4,000 నిమిషాలు, అంటే 66 గంటల పైమాటే. వారానికొక లైబ్రరీ పీరియడు, అదీ ఎవరైనా టీచరు సెలవు పెడితే లెక్కల పీరియడైపోయే పద్ధతిలో ఇన్ని గంటలు ఎన్నటికీ రావు.

తరగతి గదిలో గోడకి రెండు వరసల తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలని అట్ట ముందుకి కనబడేలా తగిలించాం. పిల్లల పుస్తకాలు పల్చన. బీరువాలో నిలబెడితే పేరు కనబడదు, ఏదో ఒకటి లాగి చూసి మళ్లీ తోసేస్తారు. 40 మంది ఉన్న గదికి 80 పుస్తకాలు ఉండాలి. తలా ఒకటే ఉంటే ఆఖరున వచ్చినవాడికి ఎవరూ అక్కర్లేదన్నది మిగులుతుంది. పదిహేను రోజులకోసారి ఈ పుస్తకాలు ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి మారతాయి. ఆ 20 నిమిషాలూ టీచరు కూడా తన పుస్తకం చదవాలి, కాపీలు దిద్దకూడదు. దిద్దుతూ కూర్చుంటే పిల్లలు అయిదో నిమిషానికి కనిపెట్టేస్తారు.

చదివాక ప్రశ్నలుండవు, సారాంశం రాయనక్కర్లేదు, చుక్కల చార్టు లేదు. చార్టు గోడ మీద ఉన్నన్నాళ్లూ పిల్లలు ఎనిమిది పేజీల పుస్తకాలే ఏరుకుని, రోజుకి మూడు తిరగేసి చుక్కలు పెట్టించుకున్నారు. తీసేశాక లావు పుస్తకాలు కదిలాయి.

పుస్తకం ఎంచుకోడానికి వేళ్ల లెక్క నేర్పాం. మధ్యలో ఒక పేజీ తీసి చదవాలి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోగా అయిదూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి ఎవరైనా చదివి వినిపించాలి. ఒక్కటీ ముడవకపోయినా తప్పేం లేదు, హాయిగా చదువుకోవచ్చు. బాగులేకపోతే సగంలో వదిలేయొచ్చు కూడా.

మన పర్లాకిమిడి పిల్లలకి ఇంకొక చిక్కు ఉంది. దాన్ని తెలివితక్కువతనం అనుకోకండి. వీళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్లో పాఠాలు ఒడియాలో చదివి, తెలుగు లిపికి ఆలస్యంగా వస్తారు. ఒడియాలో ‘కమల’ అన్నదాన్ని ‘కొమొలొ’ అన్నట్టు పలుకుతాం. ఎ-ఏ, ఒ-ఓ తేడాకి ఒడియాలో వేరే అక్షరాలు లేవు. అందుకే ‘కోడి’ని ‘కొడి’ అని చదివేస్తారు. నెల రోజులు చదివితే అదే సర్దుకుంటుంది, మొట్టికాయ వేస్తే సర్దుకోదు. పుస్తకంలో ‘వచ్చేశాడు’ అని ఉంటే మన పిల్ల ‘వచ్చీసాడు’ అని చదువుతుంది. దిద్దకండి! అక్షరం చూసి, అర్థం పట్టి, తన నోటి మాటలో పెట్టుకుంది. చదవడమంటే అదే కదా. పుస్తకంలో భాష మనుషుల నోట్లో ఉన్న భాషలా ఉండాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసొప్పక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి దండ వేసి, ఉపన్యాసం చెప్పి ఊరుకోవడం ఈసారి వద్దనుకున్నాం. ఆ రోజు ఉపన్యాసాలు లేవు. రెండు పీరియడ్లు పిల్లలే పిల్లలకి కథలు చదివి వినిపిస్తారు, తెలుగులో, ఒడియాలో. ఇంట్లో సవర మాట్లాడే ఏడో తరగతి అబ్బాయి తన అవ్వ చెప్పిన కథ సవరలోనే చెబుతానన్నాడు. మీరూ వచ్చి వెనక బెంచీల్లో కూర్చోండి, ఫోన్లు జేబులో పెట్టుకుని.

ఇంటి సంగతి కూడా కొంచెం చెప్పాలి. పుస్తకం పాడవుతుందని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నవాళ్ల జాగ్రత్తకి కృతజ్ఞతలు. కానీ గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో దారి వేసిన రంగనాథన్‌గారు 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే ‘పుస్తకాలు వాడకానికి’ అని. నెల తర్వాత కొత్తగా తిరిగొచ్చిన పుస్తకాన్ని చూస్తే మాకు దిగులు. “ఏం చదివావో అప్పజెప్పు” అని చుట్టాల ముందు నిలబెట్టకండి. ఆరో తరగతికొచ్చి బొమ్మల పుస్తకమా అని నవ్వకండి. ఒకటే పుస్తకాన్ని నాలుగుసార్లు తెచ్చుకుంటున్న ఆరో తరగతి అబ్బాయి నాలుగోసారి ఒక్క చోట కూడా ఆగకుండా చదివాడు. సీరియల్ సౌండు పెట్టి ‘మా వాడు పుస్తకం పట్టుకోడండీ’ అని మాతో అంటే ఏం చెప్పాలో మాకు తోచడం లేదు.

మీరు చేయాల్సింది పది నిమిషాలు. పక్కన కూర్చుని ఒక పేజీ మీరు, ఒక పేజీ వాళ్లు. మాట దగ్గర ఆగిపోతే అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఓపిక పట్టండి, రాకపోతే మాట అందించి ముందుకెళ్లండి, గుణింతం చెప్పించకండి. కథ మంచి పట్టులో ఉండగా ఆపండి. చదువు రాని పెద్దవాళ్లు వింటే చాలు. రెండో తరగతి పాప ఒకతి రోజూ వాళ్ల నాయనమ్మకి చదివి వినిపిస్తోంది, ఇప్పుడు బడి అంతటికీ వినబడేంత ధాటిగా చదువుతోంది. ఫోను తప్పదంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో ఒకే కథ తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా దొరుకుతుంది.

మిగతావి: ఆగస్టు 15 జెండా వందనం పొద్దున్న 7:30కి, తెల్ల బట్టల్లో. నులిపురుగుల మాత్ర నమిలి మింగాలి, ఖాళీ కడుపుతో పంపకండి. గణేశ పూజకి బడి తరఫున చందా అడగమని ఎవరికీ చెప్పలేదు. సైకిళ్లకి తాళాలు వేయించండి.

తిరిగొచ్చిన పదకొండు పుస్తకాలూ పిల్లల పేర్లతో ఆఫీసులో ఉన్నాయి, శనివారం లోగా వాళ్లనే వచ్చి తీసుకోమనండి. వానాకాలం పోయేదాకా సంచిలో ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు పెట్టండి. కూరగాయల పల్చటి సంచి పనికిరాదు, నోరు మడిచి పెట్టేంత పెద్దది కావాలి. గురువారం తడిసిన పుస్తకం ఆరిపోయింది, కాస్త ఉబ్బింది. బుధవారం ఆ అబ్బాయికే ఇచ్చేశాం, ఇంకా పన్నెండు పేజీలు ఉన్నాయన్నాడు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని