పునాది కింద ఏముందని అడిగిన పిల్లవాడు

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. బ్రిటన్ పాత గాథల్లోని ఆర్థరు రాజు కాలం మీద నవల మొదలుపెట్టానని రాశానో లేదో, బండలోంచి కత్తి లాగే ఘట్టం ఎన్నో ప్రకరణంలో వస్తుందని అడిగావు. అది రాదు. ఆర్థరు వీరులు చుట్టూ కూర్చునే గుండ్రటి బల్ల కూడా రాదు. ఆ బల్లను కథలోకి తెచ్చినవాడు వేస్ అనే కవి, 1155లో. ఆ వీరుల్లో ఒకడైన లాన్సెలాట్ ప్రేమకథ ఆ తరువాత ఫ్రెంచి కవుల చేతుల్లో పుట్టింది. అవన్నీ కవచాలు, రాచసభలు తెలిసిన 12వ శతాబ్దంలోనూ, ఆ తరువాతా పుట్టిన ఊహలు. నాకు కావలసింది అంతకు ఏడువందల ఏళ్ల ముందటి బ్రిటన్, రోమన్ సైన్యాలు వెళ్లిపోయాక దిక్కులేకుండా మిగిలిన నేల.

పోనీ ఆర్థరు గురించే రాయవచ్చు కదా అంటావు. ఆరో శతాబ్దంలో గిల్డాస్ అనే సన్యాసి బ్రిటన్లు సాక్సన్లను ఓడించిన బేడన్ కొండ యుద్ధం గురించి రాశాడు గాని ఆర్థరు పేరే ఎత్తలేదు. 830 ప్రాంతంలో లాటిన్‌లో వచ్చిన 'బ్రిటన్ల చరిత్ర' ఆర్థరు చేసిన పన్నెండు యుద్ధాలను లెక్కపెట్టి, బేడన్ దగ్గర ఒక్క దాడిలో 960 మందిని ఒంటరిగా కూల్చాడని చెప్పింది. అంత పెద్ద వీరుడి లోపల మనిషిని ఎంత వెతికినా నాకు దొరకలేదు. అదే పుస్తకంలో కొంచెం వెనక్కి వెళితే ఒక పిల్లవాడు, వాడి తల్లి కనిపించారు. నవల వాళ్లదే.

కథ చెబుతాను, విను. వోర్టిగెర్న్ అనే బ్రిటన్ల రాజు పిక్టులనే ఉత్తరాది తెగల దాడులకు భయపడి, సముద్రం దాటి వచ్చిన సాక్సన్లకు చోటిచ్చి కాపలా పెట్టుకున్నాడు. కొరివితో తల గోక్కున్నట్టయింది. మూడు ఓడల్లో వచ్చినవాళ్లు వందలయ్యారు, తిండీ బట్టా చాలవన్నారు. వాళ్ల నాయకుడు హెంగిస్ట్ కూతురి మీద మోజుపడి రాజు కెంట్ ప్రాంతాన్నే ధారపోశాడు. చివరికి పండితుల సలహాతో పడమటి కొండల్లోకి వెళ్లి కోట కట్టబోయాడు. వేల్స్ ఉత్తరాన, ఎరిరి కొండల్లో, బెద్‌గెలెర్ట్ ఊరి దగ్గర దినాస్ ఎమ్రిస్ అనే గుట్ట ఇప్పటికీ ఉంది. 1950లలో అక్కడ తవ్వితే నీటి మడుగు ఒకటి బయటపడింది కూడా!

మూడుసార్లు రాళ్లూ దూలాలూ చేర్చారు. మూడుసార్లూ రాత్రికి రాత్రే అన్నీ మాయమయ్యాయి. తండ్రి లేని పిల్లవాణ్ణి చంపి, ఆ రక్తం చల్లితే తప్ప కోట నిలవదన్నారు పండితులు. ఇక్కడికి వచ్చేసరికి నాకు మీ అమ్మగారు గుర్తుకొచ్చారు. వేసవి రాత్రుల్లో డాబా మీద పడుకోబెట్టి ఆమె మనకు బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ చెప్పేవారు కదా, చెరువు కట్ట తెగకుండా తనంతట తానే గండిలోకి నడిచివెళ్లిన కోడలి కథ. కట్టడం నిలవాలంటే ప్రాణం కావాలనే మాట అక్కడా ఉందా అని చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

దూతలు ఊరూరా తిరుగుతుంటే ఒక మైదానంలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఇద్దరికి గొడవ వచ్చి, ఒకడు రెండోవాణ్ణి "తండ్రి లేనివాడా" అని తిట్టాడు. దూతలు వెంటనే వాడి తల్లిని అడిగారు. తాను ఏ పురుషుణ్ణీ ఎరగనని, బిడ్డ ఎలా కలిగాడో తెలియదని ఆమె ప్రమాణం చేసింది. వాణ్ణి పట్టుకుపోయారు. రాజు ముందు వాడు ఏడవలేదు. "ఈ నేల కింద ఏముంది?" అని పండితులనే అడిగాడు. వాళ్లకు తెలియదు. తవ్వించాడు. మడుగు, మడుగులో పాత్రలు, వాటి మధ్య మడతపెట్టిన గుడ్డ, అందులో నిద్రపోతున్న రెండు పురుగులు: ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. అవి కలబడ్డాయి. మూడుసార్లు అంచుదాకా నెట్టించుకున్న ఎర్ర పురుగే చివరికి తెల్లదాన్ని తరిమింది. ఎర్రది మనం, తెల్లది సాక్సన్లు అన్నాడు పిల్లవాడు. నువ్వయితే నాగులని రాయమంటావేమో. లాటిన్‌లో ఉన్న మాటకు అర్థం పురుగే, నేనూ పురుగనే రాస్తాను. నేడు వేల్స్ జెండా మీదున్న ఎర్ర డ్రాగన్ ఒకప్పుడు గుడ్డ మడతలో ముడుచుకున్న పురుగు అంటే, ఓడిపోతున్న జనం దాచుకున్న ఆశ ఎంత చిన్నదో నాకు కళ్లకు కడుతుంది.

అసలు సంగతి ఆ తరువాత ఉంది. రాజు పేరడిగితే పిల్లవాడు "ఆంబ్రోసియస్" అన్నాడు. మా నాన్న రోమన్ కాన్సుల్లలో, అంటే పెద్ద అధికారుల్లో, ఒకడన్నాడు! మరి తల్లి చేసిన ప్రమాణం? ఆంబ్రోసియస్ అంటే వోర్టిగెర్న్‌కు భయమని అదే పుస్తకం ముందే చెప్పింది. అంటే ఆమె అబద్ధమాడింది. రాజుకు గిట్టని వంశపు బిడ్డను దాచుకోవడానికి ఆడి ఉంటుంది. ఇన్నేళ్లూ బిడ్డను కాపాడిన ఆ అబద్ధమే వాణ్ణి బలికి పట్టిచ్చింది. 1130లలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే రచయిత ఈ కథను తిరగరాసి పిల్లవాడికి మెర్లిన్ అని, ఆర్థరు గాథల్లోని మాంత్రికుడి పేరు పెట్టాడు, తల్లిని రాజకుమార్తెను చేశాడు, తండ్రి స్థానంలో కంటికి కనపడని భూతాన్ని తెచ్చాడు. దాంతో ఆమె అబద్ధమాడవలసిన అవసరమే లేకపోయింది. పేరు ఆయన కథకే వచ్చింది గాని, ప్రాణం పాతదానిలోనే ఉందని నా నమ్మకం.

పిల్లవాడికి రాజు ఆ కోటను, పడమటి సీమను ఇచ్చి వెళ్లిపోయాడు. తల్లి ఏమైందో ఆ పుస్తకంలో ఒక్క మాట లేదు. నేను ఆగిపోయింది మాత్రం అంతకు ముందే, ఆమె గుమ్మం దగ్గర. ఎందుకు అడుగుతున్నారో తెలియక అలవాటుగా ప్రమాణం చేస్తుంది. అది విని దూతలు ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు ఆమెకు అర్థమవుతుంది. ఆ క్షణం దగ్గర మూడు వారాలుగా కలం కదలడం లేదు.

మీ అమ్మగారిని ఒక మాట అడిగి రాయి. ముసలమ్మ ఇంట్లోవాళ్ల దగ్గర సెలవు తీసుకునే చోటికి రాగానే ఆమె ఎప్పుడూ గొంతు తగ్గించేవారు. మనం అప్పటికి సగం నిద్రలో ఉండేవాళ్లం. అక్కడ ఏమి చెప్పేవారో నాకు వినాలని ఉంది.

నీ నేస్తం