బోరు, బావి నీళ్ల శాంపిళ్లు: సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం.
సోమవారం ఉదయం 7 నుంచి 9 లోపు మీ నీళ్ల శాంపిల్ తెచ్చివ్వండి. వెంటనే ల్యాబ్‌కి పంపేస్తాం.

పట్టేటప్పుడు జాగ్రత్త. మోటారు వేసి 10 నిమిషాలు నీళ్లు వదిలేయండి, పైపులో నిలవ ఉన్నది పోవాలి. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాని అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి అంచుదాకా నింపండి. పేరు, బోరు లోతు, పట్టిన టైము రాసి అంటించండి.

తాగడానికి వాడేవాళ్లకి బ్యాక్టీరియా పరీక్ష కోసం వేరే సీసా మేమే ఇస్తాం. దాన్ని మాత్రం తొలవద్దు, మూత లోపల వేలు తగలనివ్వద్దు.

నీళ్లు తేటగానే ఉన్నాయిగా అని ఊరుకోకండి. ఫ్లోరైడ్, నైట్రేట్ కంటికి కనపడవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకి ఫ్లోరైడ్ 1.5, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు. నైట్రేట్ కాచినా పోదు, పైగా చిక్కబడుతుంది. చంటిపిల్లలున్న ఇళ్లవాళ్లు తప్పకుండా ఇవ్వండి, దయచేసి.

సాగు నీళ్లకి ఉప్పదనం, సోడియం చూపిస్తాం. సోడియం ఎక్కువైతే నేల బిగుసుకుపోయి నీరు ఇంకదు.

వచ్చేవాళ్లు ఆదివారం సాయంత్రంలోపు ‘తాగడానికి’ లేదా ‘సాగుకి’ అని ఇక్కడే రాయండి. సీసాలు ఆ లెక్కనే తెప్పిస్తాం.