ఫోల్సమ్ సరస్సులో నన్ను ఒడ్డున పడేసిన వారికి

జనవరిలో ఆ శనివారం ఫోల్సమ్ సరస్సులో నాకు ఏం జరిగిందో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో సగం మందికి సగం సగం తెలుసు. ఫోన్లు చేసినవారికి, గుమ్మం ముందు చారు క్యారేజీలు పెట్టి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయినవారికి ముందుగా నమస్కారం. అసలు సంగతి పూర్తిగా ఎందుకు రాస్తున్నానంటే, నన్ను బతికించిన పెద్దాయన తన పేరు ఎక్కడా రాయవద్దన్నారు. పేరు లేకుండా దండం పెట్టాలంటే ఆయన చేసిన పని చెప్పడం ఒక్కటే దారి.

మాది కృష్ణ ఒడ్డు. నాగార్జునసాగర్ జలాశయంలో మా మేనమామ పుట్టి మీద తిరుగుతూ వలలు వేస్తుంటే, తెడ్డు పట్టుకుని ఆయనకు ఎదురుగా కూర్చుని పెరిగినవాణ్ణి. ఈత వచ్చు, గాలం వేయడం వచ్చు. ఇంకేం కావాలి అనుకున్నాను. ముందురోజు ఫోనులో "రేపు బాస్ కోసం వెళ్తున్నానమ్మా" అంటే, "సెలవునాడు కూడా ఆఫీసేనా నాయనా" అని మా అమ్మ నిట్టూర్చింది. ఈ బాస్ చేప అని నేను చెప్పలేదు. చెబితే వెళ్ళనిచ్చేది కాదు.

కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ, నాది కాదు. మా వీధిలోని తమ్ముడొకడు అరువిచ్చాడు. ఒకే ఒక్క షరతు పెట్టాడు: లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు వెనక కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పెద్దవాళ్ళకు పడవలో జాకెట్ ఉంటే చాలు, తొడుక్కునే తీరాలని లేదు. నేను కూడా ఆ చట్టం చాటునే ఉందామనుకున్నాను. తమ్ముడూ, మొదటి దండం నీకే.

సరస్సు ఒడ్డున గ్రానైట్ బే రేవులో దిగేసరికి పొద్దున ఏడున్నర. టూలీ పొగమంచు కమ్ముకుని ఉంది. టూలీ అంటే ఈ లోయ చిత్తడి నేలల్లో పెరిగే తుంగ. వాన పడి తెరిపిచ్చాక, గాలి కదలని చలి రాత్రుల్లో ఈ మంచు పుట్టి నేల మీదే పడుకుంటుంది. కయాక్ ముక్కు కనిపిస్తోంది, దాని ముందు ఏమీ లేదు. తిరిగి వెళ్ళిపోవలసింది. కానీ చెంచా ఆకారపు చిన్న రేకు ఎరను వెనకాల ఓ ఎనభై అడుగుల దూరం వదిలి మెల్లగా తెడ్డు వేస్తుంటే, అరగంటలో రెండు ట్రౌట్లు పడ్డాయి. ట్రౌట్ చల్లని నీటి చేప. వేసవిలో లోతుకు దిగిపోయేది ఇప్పుడు పైపైనే తిరుగుతూ ఉంటుంది. రెండింటినీ తాడుకు గుచ్చి పడవ పక్కన కట్టేశాను. ఇక నన్ను పట్టేదెవరు?

బాస్ సంగతి వేరు. చలికి దానికి ఒళ్ళు బరువెక్కుతుంది, లోతున బండల పక్కన కదలకుండా ఉంటుంది. ఎరను దాని నోటి ముందుకు తీసుకెళ్ళి బతిమాలాలి. అందుకున్నా లాగదు, దారం కాస్త బరువెక్కుతుంది, అంతే. నిట్రంగా ఉన్న ఒక గ్రానైట్ బండ పక్కన ముప్పై అయిదు అడుగుల లోతుకు గాలం దించాను. దారం బరువెక్కింది. లాగాను. అది చేప కాదు, బండ సందు. వరద నీటికి చోటు ఉంచడం కోసం చలికాలంలో ఈ సరస్సును బాగా దించుతారు. వేసవిలో ఎక్కడో అడుగున ఉండే రాళ్ళన్నీ ఇప్పుడు గాలానికి అందుతాయి. పక్కకు ఒరిగి బలంగా గుంజాను. దారం తెగింది. ఆ విసురుకు నేను రెండో వైపు నీళ్ళలో ఉన్నాను.

నీళ్ళ వేడి ఆ రోజు 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్. ఛాతీ మీద ఎవరో తన్నినట్టు ఊపిరి దానంతటదే ఎగబీల్చుకుంది. ఆ ఊపిరితో పాటు నీళ్ళూ లోపలికి వెళ్ళాయి. సాగర్‌లో నేర్చిన ఈత ఏమైపోయిందో తెలియదు. చేతులు నీటిని కొడుతున్నాయి తప్ప ఈదడం లేదు. జాకెట్ లేకపోతే అక్కడే అయిపోయేది.

అప్పుడు మంచులోంచి ఆకుపచ్చ కయాక్ ఒకటి వచ్చింది. నేను పడిన చప్పుడు విని వచ్చారట. డెబ్బై దాటిన మనిషి. కంగారు లేదు, కేక లేదు. "ఏమీ చేయకు. ఊపిరి పీల్చు. నేను ఇక్కడే ఉన్నాను" అన్నారు. ఒక నిమిషం నన్ను ఊరికే తేలనిచ్చారు. ఆ నిమిషం నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైనది. తరువాత నా కయాక్‌ను తిప్పి నిలబెట్టి, తన పడవకు ఆనించి గట్టిగా పట్టుకున్నారు. "కాళ్ళు వెనక్కు తేల్చి కొట్టు. ముందు పొట్ట, తరువాత పిరుదులు, చివరికి పాదాలు." రెండుసార్లు జారిపోయాను. వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. మూడోసారి ఆయన నా జాకెట్ భుజం పట్టీని దొరకబుచ్చుకుని లాగారు. వేళ్ళ చివరలు కత్తిరించిన బూడిదరంగు ఉన్ని తొడుగులోంచి, చలికి ఎర్రబడిన ఆ వేళ్ళు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. నా తెడ్డు అప్పటికే మంచులోకి వెళ్ళిపోయింది. తాడు కట్టి ఒడ్డుదాకా లాక్కొచ్చారు.

ఒడ్డున కుక్కతో నడకకు వచ్చిన ఆవిడ అప్పటికే 911కు ఫోను చేశారు. నన్ను తన ట్రక్కులో కూర్చోబెట్టి, హీటరు పెట్టి, తడి బట్టలు విప్పించి, కుక్క దుప్పటి నాకు కప్పారు. కుక్క అభ్యంతరం చెప్పలేదు. ఇంకో సోదరుడు బ్రాందీ సీసా తెచ్చాడు. పెద్దాయన అడ్డుకున్నారు. మందు పడితే రక్తం చర్మం మీదికి వచ్చి లోపలి వేడి ఇంకా బయటికి పోతుందట. ఆ సోదరుడికీ కృతజ్ఞతలు, మనసు మంచిదే. అంబులెన్సు వాళ్ళు చూసేసరికి ఒంటి వేడి 96. 95 కంటే దిగితే హైపోథెర్మియా లెక్క. వారికి, మర్నాడు నా తెడ్డు వెతికి తెచ్చిన పార్కు సిబ్బందికి రుణపడి ఉన్నాను.

పెద్దాయన తిట్టలేదు. ఒక లెక్క మాత్రం చెప్పారు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గార్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1: చన్నీళ్ళలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్ళు మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఇంకో గంట. జాకెట్ లేనివాడికి ఆ గంట దక్కదు. ఆయన ఒళ్ళంతా నీరు చొరని సూటు వేసుకున్నారు. నేను జీన్స్ ప్యాంటుతో వెళ్ళాను.

తాడుకు గుచ్చిన ట్రౌట్లు ఇంత గొడవలోనూ పడవకే ఉన్నాయి. ట్రక్కు ఆవిడకు ఇవ్వబోతే "నేను శాకాహారిని" అన్నారు. మా ఆవిడ పులుసు పెట్టి, గిన్నెతో సహా పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళింది. బాస్ అయితే ఆయన తినేవారు కాదట. 1849 బంగారు వేట నాడు ఈ నదుల్లో కలిసిన పాదరసం ఇప్పటికీ బాస్ ఒంట్లో చేరుతుంది, ట్రౌట్‌లో అది తక్కువ. బ్రెడ్డుతో అద్దుకుని తిన్నారు, మధ్యమధ్య మంచినీళ్ళు తాగారు, ముళ్ళు పళ్ళెం అంచున వరసగా పేర్చారు. ఆ పులుపు ఎక్కడిదని అడిగితే ఒక చింతపండు ఉండ ఇచ్చి వచ్చాం.

ఆగస్టులో నీళ్ళు వెచ్చబడ్డాక, అదే సరస్సులో బీల్స్ పాయింట్ దగ్గర నడుము లోతులో కయాక్ మీదికి తిరిగి ఎక్కడం నేర్పిస్తానని ఆయన ఒప్పుకున్నారు. పులుసు ఉంటేనే సుమా! రాదలచినవారు నాకు చెప్పండి. మా ఊరివాళ్ళు ఎవరైనా ఇది చదివితే మాత్రం మా అమ్మ చెవిన వేయకండి. ఆ శనివారం నేను ఆఫీసులోనే ఉన్నాను.