బంగాళాఖాతం బాకీ: విదేశాంగ మంత్రికి ఒక తీరవాసి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ శాఖ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారాలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా ఉద్దానం మీద తిత్లీ తుఫాను విరుచుకుపడింది. గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే తాతల నాటి కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచి పడున్నాయి. జీడితోటలు ఎక్కడున్నాయో గుర్తుపట్టలేకపోయాం. ఆ తుఫానుకు పేరు పెట్టింది పాకిస్థాన్ అని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. రెండు దేశాల మధ్య సంబంధాలు బాగా చెడి ఉన్న రోజులవి. అయినా పేర్ల పట్టికలో వాళ్ల వంతు వచ్చింది కాబట్టి వాళ్లిచ్చిన పేరే ఢిల్లీలోని వాతావరణ కేంద్రం ప్రకటించింది. ఇవాళ ఆ పట్టికలో 13 దేశాలున్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఢాకాకూ, కొలంబోకూ, యాంగోన్‌కూ ఢిల్లీ నుంచి హెచ్చరిక వెళుతుంది. ఎవరు ఎవరితో అలిగారో అక్కడ ఎవరూ అడగరు.

గాలివాన విషయంలో కుదిరిన ఈ పద్ధతి సరుకు విషయంలో, మనుషుల విషయంలో ఎందుకు కుదరడం లేదు? ఇది అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలకు ఒక కూటమి ఉందని మా ఊళ్లో చదువుకున్నవాళ్లకు కూడా తెలియదు. బిమ్‌స్టెక్ అంటే ఏదో కంపెనీ పేరనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, మయన్మార్, నేపాల్, శ్రీలంక, థాయిలాండ్ కలిసి దాదాపు 170 కోట్ల మంది జనం ఉన్న కూటమి ఇది. 1997 జూన్ 6న బ్యాంకాక్‌లో నాలుగు దేశాలతో పుట్టింది. 2025 దాకా చూస్తే అధినేతలు కలిసి కూర్చున్నది ఆరే సార్లు, అందులో ఒకటి తెర మీద. తనకంటూ ఒక చార్టర్ రాసుకోవడానికి 2022 దాకా పట్టింది. అది అమల్లోకి వచ్చింది 2024 మే 20న. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుందామని 2004 ఫిబ్రవరిలో ఫుకెట్‌లో ముందస్తు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆ నెలలో పుట్టిన పిల్లలు ఓటు హక్కు తెచ్చుకుని ఓట్లు కూడా వేశారు. అసలు ఒప్పందం మాత్రం చర్చల్లోనే ఉండిపోయింది.

ఆలస్యానికి అన్ని దేశాలూ కారణమే. కానీ ఏడింటిలో పెద్దవాళ్లం మనం. ఇంట్లో పంపకాలప్పుడు పెద్దన్న ఒక మెట్టు దిగితే తప్ప తమ్ముళ్లు కూర్చోరు. మీకు తెలియనిది కాదు.

ఒక సరిహద్దు సంగతి చెప్తాను. గుంటూరు నుంచి మిరప టిక్కీలు వేసుకుని పశ్చిమ బెంగాల్‌లో బంగ్లాదేశ్ సరిహద్దున ఉన్న పెట్రాపోల్ దాకా వెళ్లొచ్చిన లారీ డ్రైవర్ ఒకాయన మా ఊరివాడే. మూడు రాష్ట్రాలు దాటడం ఆయనకు లెక్కే కాదు. అక్కడికి వెళ్లాక వరుసలో ఆగడమే నరకమంటాడు. లారీ కింద చాప వేసుకుని పడుకోవడం, పొద్దున్నే రెండు బకెట్ల నీళ్ల కోసం బేరాలాడటం, టార్పాలిన్ ఎత్తి టిక్కీలు చెమ్మెక్కాయేమోనని చేత్తో తడిమి చూసుకోవడం. వంతొచ్చాక అవతల బెనాపోల్‌లోకి వెళ్లి, సరుకంతా దించి, వాళ్ల లారీల్లోకి ఎక్కించాలి. మన లారీ తిన్నగా ఢాకా పోలేదు. 2021లో ప్రపంచ బ్యాంకు రాసింది కూడా ఇదే. ఈ సరిహద్దు దాటడానికి సరుకుకు రోజులు పడుతోంది, ఇంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటల్లోపే అయిపోతోంది అని. ఒక దేశపు బండి ఇంకో దేశంలోకి తిన్నగా వెళ్లేలా 2015 జూన్‌లో థింపూలో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ సంతకాలు చేశాయి. కొండదారుల్లో బయటి బండ్ల తాకిడికి భయపడి భూటాన్ ఆమోదించలేదు. మిగతా మూడు దేశాలు ముందుకెళ్దామనుకున్నాయి. మా డ్రైవరు మాత్రం ఇంకా లారీ కిందే పడుకుంటున్నాడు.

ఇప్పుడు 2025 ఏప్రిల్‌కి వస్తాను. మీకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. ఆ నెల 4న బ్యాంకాక్‌లో ఆరో శిఖరాగ్ర సభ జరిగింది. సముద్ర రవాణాలో సహకరించుకుందామని అప్పుడే ఏడు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. నాలుగు రోజులు తిరక్కుండానే, 8వ తేదీన, బంగ్లాదేశ్ సరుకు మన భూభాగం మీదుగా మన రేవులకూ విమానాశ్రయాలకూ చేరి మూడో దేశానికి వెళ్లే వెసులుబాటును మన ప్రభుత్వం రద్దు చేసింది. రద్దీ పెరిగి మన ఎగుమతులు ఆగిపోతున్నాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కావచ్చు. కానీ అంతకు కొద్ది రోజుల ముందే చైనా వెళ్లిన మహమ్మద్ యూనస్, అప్పటి బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వ అధినేత, మన ఈశాన్య రాష్ట్రాలకు సముద్రపు దారి తమ చేతిలోనే ఉందన్నట్టు మాట్లాడారు. ఆ మాట నాకూ మండింది. అందుకే ఇది దానికి జవాబేనని అందరూ అనుకున్నారు. మే నెలలో వాళ్ల రెడీమేడ్ దుస్తులు భూ సరిహద్దుల గుండా రాకూడదని, కోల్‌కతా, నవా షేవా రేవుల నుంచే రావాలని ఆంక్ష పెట్టాం. వాళ్లు అంతకుముందే మన నూలు దారం భూమార్గాన రాకుండా ఆపారు. దెబ్బకు దెబ్బ. యూనస్ అన్న మాటకు శిక్ష పడింది ఎవరికి? నూలు మిల్లు కార్మికుడికి, సరిహద్దులో మూటలెత్తే కూలీకి, కిరాయి దొరకని లారీకి.

దానికి కొన్ని నెలల ముందు జరిగిన మరో సంగతి చూడండి. 2024 ఆగస్టు 5న ఢాకాలో ప్రభుత్వం కూలిపోయింది. మనతో సంబంధాలు ఒక్కసారిగా చల్లబడ్డాయి. ఆ అక్టోబరులోనే నేపాల్, బంగ్లాదేశ్, భారత్ కలిసి ఒక విద్యుత్ ఒప్పందం మీద సంతకం చేశాయి. నవంబరులో నేపాల్ నదుల కరెంటు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్ చేరింది. 40 మెగావాట్లంటే పెద్ద లెక్క కాదు. కానీ రాజకీయాలు అంత చెడిపోయిన వేళ కూడా ఆ స్విచ్ వేయగలిగాం. అంతకుముందు, 2014 జులైలో, సముద్ర సరిహద్దు తగాదాలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ వివాదంలో ఉన్న ప్రాంతంలో ఎక్కువ భాగాన్ని బంగ్లాదేశ్‌కిచ్చింది. మన దేశం ఆ తీర్పును ఒప్పుకుంది. పెద్ద దేశం ఓడిపోయి కూడా మాట మీద నిలబడిందన్న పేరు మనకు అప్పుడొచ్చింది. నా దృష్టిలో ఈ పాతికేళ్లలో బంగాళాఖాతంలో మన దౌత్యం చేసిన గొప్ప పని అదే. మన విదేశాంగ శాఖ దాన్ని ఎందుకంత తక్కువగా చెప్పుకుంటుందో నాకర్థం కాదు.

భద్రత అనగానే మనవాళ్లందరికీ చైనా గుర్తొస్తుంది. రావాల్సిందే. 2017లో హంబన్‌తోట రేవును శ్రీలంక ఒక చైనా కంపెనీకి 99 ఏళ్లకు లీజుకిచ్చింది. మయన్మార్‌లోని చౌక్‌ఫ్యూ తీరం నుంచి గ్యాస్ పైపులైను చైనాలోని యునాన్ దాకా వెళుతోంది. కానీ మా జిల్లాల ఇళ్లలోకి ప్రమాదం జలాంతర్గామిలో రాలేదు. వాట్సాప్‌లో వచ్చింది.

మా బంధువుల అబ్బాయి ఒకడు డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు ఇంత జీతం, టికెట్ మేమే కొంటాం అని ఒక ఏజెంటు చెప్పాడు. బ్యాంకాక్‌లో దిగాక కారెక్కించారు. గంటల తరబడి ప్రయాణం. రాత్రిపూట ఒక నది దాటించారు. అది థాయిలాండ్‌కూ మయన్మార్‌కూ హద్దయిన మోయ్ నది అని తర్వాత తెలిసింది. అవతల మ్యావడి. పాస్‌పోర్టు తీసేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అమ్మాయి ఫొటో పెట్టుకుని మన దేశంలో వాళ్లనే మోసం చెయ్యమన్నారు. లెక్క తగ్గితే కొట్టారు. వాడు బాత్రూంలోంచి గుసగుసగా ఫోన్ చేస్తే, వాళ్లమ్మ అర్థం కాక “గట్టిగా మాట్లాడరా నాయనా” అంటూ ఏడ్చింది. ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలియక ఆ ఇంటివాళ్లు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరిగారు. ఎక్కడికెళ్లినా ఇది మా పరిధి కాదనే అన్నారు.

2025 మార్చిలో వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో 549 మందిని వెనక్కి తెచ్చారు. ఆ పనికి మీకు రుణపడి ఉన్నాం, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కానీ పిల్లవాడు బయల్దేరింది భారత్ నుంచి, దిగింది థాయిలాండ్‌లో, చిక్కుకుంది మయన్మార్‌లో. మూడూ బిమ్‌స్టెక్ దేశాలే! వ్యవస్థీకృత నేరాల మీద కలిసి పోరాడాలని ఈ కూటమి 2009లోనే ఒడంబడిక రాసుకుంది. నేర విచారణలో ఒకరికొకరు సాయపడాలని 2022లో ఇంకోటి. ఆ కాగితాలు ఆ అబ్బాయి తల్లికి ఏ ఫోన్ నంబరూ ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో థాయిలాండ్ మ్యావడి వైపు కరెంటు తీసేస్తే ఆ ముఠాలు కంగారుపడ్డాయి. ఒక్క దేశం ఒక్క స్విచ్ ఆపితేనే అంత. మూడు దేశాల పోలీసులు ఒకే గదిలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. 2024 నవంబరులో అండమాన్ దగ్గర మన కోస్ట్ గార్డ్ పట్టుకున్న ఒకే ఒక్క పడవలో దాదాపు ఆరు టన్నుల మెథ్ మత్తుమందు దొరికింది. ఆ పడవలో ఉన్నవాళ్లు మయన్మార్ వాళ్లు. రోగం ఒకే చోట ఉందని ఇంకా ఎన్నిసార్లు తేలాలి?

మయన్మార్ సంగతి కష్టమని ఒప్పుకుంటాను. అక్కడి సైన్యంతో మాట్లాడకపోతే మన మణిపుర్, మిజోరం సరిహద్దులు కాలతాయి. మాట్లాడితే 2021 ఫిబ్రవరిలో జనం ఓటును తొక్కేసిన వాళ్లకు పెద్దరికం ఇచ్చినట్టవుతుంది. కానీ ఒక్కటి స్పష్టంగా కనిపిస్తోంది. కోల్‌కతా నుంచి సిత్వే మీదుగా మిజోరం చేరాల్సిన కాలదాన్ మార్గానికి 2008లో ఒప్పందం చేసుకున్నాం. 2023 మేలో సిత్వే రేవుకు మొదటి ఓడ వెళ్లింది. 2024 జనవరిలో దారిలో ఉన్న పలెత్వా అరకాన్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం చేతికి పోయింది. రాజధానిలో ఉన్నవాళ్ల సంతకంతో ఆ రోడ్డు పూర్తి కాదు. ఆ నేలను ఏలుతున్నవాళ్లతో మాట్లాడక తప్పదు. 2017 నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ గుడారాల్లో మగ్గుతున్న లక్షల మంది రోహింగ్యాల గురించి ఈ కూటమి సభల్లో పెద్దగా మాట వినిపించదు. ఇంట్లో చనిపోతున్న మనిషిని పక్కన పెట్టుకుని కరెంటు తీగల గురించి మాట్లాడుకున్నట్టుంటుంది.

మంత్రి గారూ, నేను అడిగేది పెద్ద సిద్ధాంతం కాదు. రోజువారీ బతుకు వ్యవహారాలను రాజకీయ తగాదాల నుంచి విడదీసి, ప్రభుత్వం మారినా కదలని ఒప్పందాల్లో రాయించండి. లారీ, కరెంటు, దారి తప్పిన పడవ, మోసపోయిన పిల్లవాడు, నది నీళ్లు. ఎవరు ఏం మాట్లాడినా ఫలానా రేవు, ఫలానా గేటు కనీసం ఆరు నెలల ముందస్తు నోటీసు లేకుండా మూయం అని ఏడు దేశాలూ రాసుకోవాలి. ముందు మనం ఒక్కళ్లమే ప్రకటించినా చాలు. గంగా జలాల ఒప్పందం 1996 డిసెంబరులో 30 ఏళ్లకు కుదిరింది, అంటే గడువు 2026 డిసెంబరు. బంగ్లాదేశ్, నేపాల్ అల్పాభివృద్ధి దేశాల జాబితా నుంచి బయటికి రావడానికి ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన తేదీ 2026 నవంబరు 24. ఆ హోదాతో వచ్చే సుంకాల రాయితీలు పోయే వేళకు మన దగ్గర ఒప్పందం సిద్ధంగా లేకపోతే వాళ్లు ఇంకో దారి చూసుకుంటారు. తప్పుపట్టలేం. థాయిలాండ్, మయన్మార్‌లకు ఎలాగూ ఆసియాన్ అనే ఇంకో ఇల్లుంది.

పడవల మాట చివరికి ఉంచాను, మాకు దగ్గరిది కాబట్టి. 2025 అక్టోబరులో మా పొరుగున విజయనగరం జిల్లా మత్స్యకారులు దారి తప్పి బంగ్లాదేశ్ జలాల్లో పట్టుబడ్డారు. సముద్రం మీద గీత కనపడదు. ఇంజను ఆగిపోతే పోటు ఎటు లాక్కెళితే అటే పోవాలి. అదే ఏడాది జనవరి 5న రెండు దేశాలూ మన 95 మందినీ వాళ్ల 90 మందినీ ఒకేసారి వదిలిపెట్టాయి. అంటే చేయడం వచ్చు. కానీ అప్పటిదాకా నెలల తరబడి జైలు, ఇక్కడ అప్పులు, పడవ అక్కడే చెడిపోవడం. ఆయుధాలు, మత్తుమందు లేని వేట పడవైతే ఇన్ని రోజుల్లో మనుషుల్నీ పడవనీ కలిపి అప్పగించాలి అని ఒక్క పేజీ ఒప్పందం చాలు. దానికి ఏ దేశం సార్వభౌమత్వమూ తగ్గదు.

ఇంకొక్క మాట. మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బంగ్లాదేశ్‌లో ఇదివరకు మే 20న మొదలై జులై 23 దాకా ఉండేది. మా వలలు ఒడ్డున ఉన్నప్పుడు అవతలివాళ్లు మా చేపలు పట్టేస్తున్నారని అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2025లో, సంబంధాలు అంత చెడి ఉన్న ఏడాదిలోనే, బంగ్లాదేశ్ తన నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 11కు మార్చుకుంది. ఇప్పుడు మా ఊరి సరంగులూ అక్కడి మాఝీలూ ఇంచుమించు ఒకే వారంలో వలలు బాగుచేసుకుని, ఒకే వారంలో సముద్రంలోకి దిగుతారు. తర్వాతి శిఖరాగ్ర సభకు మీరు వెళ్లేటప్పుడు మీ ఫైలులో ఆ ఒక్క పేజీ ఉండాలని మా కోరిక. అందులో ఏం రాయాలో అడిగితే చెప్పడానికి మా ఒడ్డున మనుషులున్నారు. జూన్ 14 లోపు వస్తే అందరూ ఇక్కడే దొరుకుతారు.

ఇట్లు,
ఉద్దానం తీరం నుంచి ఒక పౌరుడు