కన్ను ముందుకొస్తే అద్దాలతో సరిపెట్టొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

మా ప్రొద్దుటూరు చుట్టుపక్కల జరిగే కంటి శిబిరాల్లో శుక్లాలు చూస్తారు, అద్దాలు రాస్తారు. చాలామందికి మేలు జరుగుతోంది. అయితే ఒక కన్ను రెండోదానికన్నా ముందుకు పొడుచుకొచ్చిందా, పక్కకు జరిగిందా అని ఎవరూ చూడరు. దీనికి యంత్రం అక్కర్లేదు. మనిషిని కూర్చోబెట్టి, తల కాస్త వెనక్కి వంచమని, వెనకనుంచి నుదుటి మీదుగా చూస్తే తేడా తెలిసిపోతుంది. 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే కారణం వెతకాల్సిందే.

మా ఆయన బంగారు పని చేస్తారు. గొలుసు కొక్కెం రెండుగా అగుపడుతోందంటే అద్దాల అంగట్లో నంబరు మార్చారు, మళ్లీ మార్చారు. ముక్కు మొదట్లో నొప్పికి సైనస్ మాత్రలిచ్చారు. థైరాయిడ్ పరీక్ష చేయించారు. అది సరైన పనే, పెద్దవాళ్లలో కన్ను పొడుచుకు రావడానికి ఎక్కువగా అదే కారణం. రిపోర్టు బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏం చూడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక డాక్టరమ్మ మా పెళ్లి ఫోటో తెమ్మని, దాన్ని ఇప్పటి ముఖంతో పోల్చి చూసి, సీటీ స్కాన్ రాశారు. ముక్కుకూ కంటికీ నడుమనుండే గాలిగదుల్లో పుట్టిన ఎముక గడ్డ కంటిగూట్లోకి పెరిగి గుడ్డును బయటికి నెడుతోంది. సీటీలో పన్ను మాదిరి తెల్లగా ఉంది. ఆస్టియోమా అన్నారు.

గడ్డ అనేసరికి ఇంట్లో అందరం ఏడ్చాం. మాలాంటి వాళ్ల కోసం చెబుతున్నాను: ఇది క్యాన్సర్ కాదు, ఒంట్లో పాకదు, ఏండ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. చిన్నదై ఏ బాధా పెట్టకపోతే కోయరు, అప్పుడప్పుడు సీటీ తీసి గమనిస్తారు. చూపు తగ్గుతున్నా, రెండుగా కనిపిస్తున్నా తీయాల్సి వస్తుంది. మా ఆయనకు ఈఎన్‌టీ డాక్టరు, కంటి డాక్టరు కలిసి ముక్కులోంచి ఎండోస్కోపు (కెమెరా ఉన్న సన్నని గొట్టం) పెట్టి ఆపరేషన్ చేశారు. గడ్డను లోపల డ్రిల్లుతో తొలిచి, మిగిలిన పెంకును కంటిగూటి లోపలి పొరకు దెబ్బ తగలకుండా ముక్కలుగా తీశారు. ముఖం మీద కోతే లేదు. గడ్డ పైకో పక్కకో ఉంటే కనురెప్ప ముడతలోంచి తీస్తారట. పూర్తిగా తీస్తే మళ్లీ రావడం అరుదు.

ఇంకొకటి, దీన్ని తప్పకుండా అచ్చువేయండి. ఇలాంటి ఎముక గడ్డలు ఒకటికి మించి ఉంటే పెద్దపేగు పరీక్ష కూడా చేయించాలి. గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బులో పేగులో పాలిప్స్ అనే చిన్న కండ బుడిపెలు పుడతాయి, వదిలేస్తే క్యాన్సర్‌గా మారతాయి.

శిబిరాల్లో రాసిచ్చే చీటీలో చూపు నంబరు పక్కనే ‘కన్ను ముందుకొచ్చిందా’ అని ఒక గడి పెట్టించాలనీ, అవునని తేలినవాళ్లను ఈఎన్‌టీ, కంటి విభాగాలు రెండూ ఉన్న ఆసుపత్రికి నేరుగా పంపించాలనీ జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక స్వర్ణకారుని భార్య, ప్రొద్దుటూరు, కడప జిల్లా