ఈ జబ్బు గురించీ రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో గుండెపోటు గురించి తరచూ చదువుతుంటాను. ఎన్యూరిజం, అంటే రక్తనాళం ఒకచోట ఉబ్బిపోవడం, అనే మాట మాత్రం ఎప్పుడో గానీ కనబడదు. మా అన్నయ్య పోయిన రోజు వరకూ నాకూ ఆ పేరు తెలియదు. నడుము నొప్పి అంటే కిడ్నీలో రాయేమో అనుకున్నాం. నలభై ఏళ్లు సిగరెట్ కాల్చిన మనిషి. పొట్టలోని బృహద్ధమని, అంటే గుండె నుంచి రక్తం మోసుకొచ్చే పెద్ద నాళం, ఉబ్బి పగిలిందని స్కాన్ చేశాక చెప్పారు. అప్పటికే చెయ్యి దాటిపోయింది.

ఆ తర్వాత పట్టుబట్టి చదివాను. మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పుండే ఆ నాళం 3కి చేరితే ఎన్యూరిజం కింద లెక్క. పగిలేదాకా చాలామందికి ఏ బాధా తెలియదు. బ్రిటన్‌లో 65 నుంచి 74 ఏళ్ల మగవాళ్లు 67 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. అల్ట్రాసౌండ్‌కి పిలిచిన వాళ్లలో ఈ జబ్బు మరణాలు నాలుగేళ్లలో సుమారు 40 శాతం తగ్గాయట. సూది కూడా గుచ్చని పరీక్ష! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బయటపడగానే ఆపరేషన్ చేయరు. మగవాళ్లలో 5.5 సెంటీమీటర్లు వచ్చేదాకా సాధారణంగా కొలుస్తూ ఉంటారు. ఉబ్బు పెరగకుండా ఆపే మందు ఇంకా రుజువు కాలేదు.

ఆ పరిశోధనలో ఆడవాళ్లే లేరు. మా ఆడవాళ్లకు ఈ జబ్బు తక్కువే గానీ, వస్తే చిన్న సైజులోనే పగులుతుంది. తోబుట్టువులకూ ముప్పు ఎక్కువని తెలిసి నేను స్కాన్ చేయించుకున్నాను. ఎవరు, ఏ వయసులో చేయించుకోవాలో ఒక డాక్టరు గారితో వివరంగా రాయించండి.

– రిటైర్డ్ లెక్కల టీచరు